తొక్కు కాదు, తోకు

మా అత్తగారు బర్మా భాషలో మాట్లాడగా నేను మొదటిసారి విన్నది మా టీపొడి గోడౌన్లో. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, షట్టరు సగం ఎత్తి ఉంది. అప్పటికి నేను ఆవిడ కోడలినై పాతికేళ్ళు దాటింది. ఆవిడ బీపీ మాత్ర పేరు, ఆవిడకు పడని కూరలు, ఏ కాలు ముందు నొప్పి పుడుతుందో కూడా నాకు తెలుసు. అంతకు మించి తెలుసుకోవలసింది ఏదైనా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

ముందు మా టీ సంగతి చెప్పాలి. మాది నూజివీడు. మామిడి తోటలున్న కుటుంబమే గానీ, తోట ఒక ఏడు కాస్తే రెండేళ్ళు మొహం చాటేస్తుంది. అందుకని నేనూ మావారూ కలిసి టీపొడి వ్యాపారం మొదలుపెట్టాం. అస్సాం నుంచి, నీలగిరి నుంచి పొడి తెప్పించి, పాళ్ళు కలిపి, హనుమాన్ జంక్షన్లో టీ కొట్లకు ఇచ్చేవాళ్ళం. లారీ డ్రైవర్లు తాగి, ఇదే పొడి ఇంటికి పొట్లంగా కావాలని అడగటంతో పొట్లాలు కట్టాం. పొట్లంలో ఒక కార్డు పెడదామన్నది నా ఆలోచన. కాలానికొక వంట. ముసురు పట్టినప్పుడు టీలోకి నంజుకునే మొక్కజొన్న వడలు, చలికాలంలో అల్లం బెల్లం ఉండలు, ఎండాకాలంలో మామిడికాయ. టీ కోసం కాదు గానీ కార్డు కోసం కొనేవాళ్ళు తయారయ్యారని కొట్లవాళ్ళు నవ్వేవారు.

ఆ పొట్లాలకు గుడ్డ సంచులు కుట్టేది హైదరాబాదులో ఉంటున్న బర్మా కాందిశీకుల ఆడవాళ్ళు. నాతో చదువుకున్న ఒకామె అక్కడ పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఒకసారి ఆమె వెంట వాళ్ళ గుడిసెలకు వెళ్ళాను. టార్పాలిన్ కింద నాలుగు కుట్టుమిషన్లు, చేతినిండా పనితనం, పని మాత్రం లేదు. ఇల్లు తగలబడుతుంటే పిల్లల్ని చంకనేసుకుని నదులు దాటి వచ్చిన మనుషులు వాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మావారికి ఫోన్ చేసి, మన సంచులు ఇక వీళ్ళే కుడతారని చెప్పాను. ఆయన సరేనన్నారు.

ఒప్పుకోనిది మా అత్తగారే.

"మన నూజివీడులో కుట్టేవాళ్ళు లేరా?" అన్నారు.

"ఉన్నారండీ. వాళ్ళకి వేరే పని దొరుకుతుంది. వీళ్ళకి దొరకదు."

"ఊరూ పేరూ తెలియని వాళ్ళు. ఎక్కణ్ణుంచి వచ్చారో, ఏంటో. దయ చూపిస్తే గుమ్మం దాకా వస్తారు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. పెద్దింటి మనిషి, ఆకలి తెలియని మనిషి అనుకున్నాను. ఆ తర్వాత కాలేజీ వాళ్ళెవరో ఈ పని మెచ్చుకుని నన్ను పిలిచి స్టేజీ మీద శాలువా కప్పితే, ఆ శాలువా తెచ్చి ఆవిడకు కనబడేలా కుర్చీ మీద వేశాను కూడా. ఆవిడ దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టారు.

ఆ ఎండాకాలానికి కార్డు మీద వేసింది మా అత్తగారి వంటే. పచ్చి కలెక్టరు మామిడికాయను సన్నగా తురిమి, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు నూనెతో సహా వేసి, వేయించిన శనగపిండి, దంచిన వేరుశనగపప్పు, పచ్చిమిర్చి, ఉప్పు చేత్తో కలపడం. ఎండు రొయ్యల పొడి కూడా వేస్తారు, కానీ శాకాహారులు కూడా కొంటారని కార్డు మీద అది తీసేశాను. ఈ చుట్టుపక్కల ఇంకెవరింట్లోనూ నేను అది తినలేదు. ఆవిడ దాన్ని 'తోకు' అంటారు. నేను కార్డు మీద 'మామిడి తొక్కు' అని దిద్ది అచ్చుకిచ్చాను.

ప్రూఫు చూసి ఆవిడ, "తొక్కు కాదు, తోకు" అన్నారు.

"తోకు అనే మాట లేదండీ. మీ పుట్టింటి వైపు, చాట్రాయిలో, అలా పలుకుతారేమో."

"దంచలేదు, తొక్కలేదు. తొక్కు ఎలా అవుద్ది?" అని, నేను నవ్వితే, "సరేలే, నీకు తెలిసినట్టే వెయ్యి" అన్నారు.

కొత్త సైజు సంచులు చూసుకోవడానికి హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న అక్కడ బడిపంతులట. ఆ గుడిసెల్లో లెక్కా జమా, కాగితం పనీ చూసేది ఆమే. పదేళ్ళుగా హైదరాబాదులో ఉండటంతో తెలుగు బాగానే మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. మా ఇంట్లో గది ఇచ్చాను. మా అత్తగారు ఆమె ఉన్న వైపు రాలేదు. భోజనం వేళకు కూడా తలనొప్పని పడుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం మేమిద్దరం గోడౌన్లో ఉన్నాం. ప్రెస్సు నుంచి ఎండాకాలం కార్డులు అప్పుడే వచ్చాయి. ఆమె ఒక కార్డు తీసి బొమ్మ చూసింది. షట్టరు దగ్గర వెలుతురులోకి వెళ్ళి మళ్ళీ చూసింది.

"అక్కా, ఇది తయెత్ తీ తోక్ కదా?"

"ఏంటది?"

"మామిడికాయ తోక్. తోక్ అంటే చేత్తో కలిపేది. మా అమ్మ చేసేది. మా ఊళ్ళో బడి ముందు ఆకులో పెట్టి అమ్మేవాళ్ళు. మీకెవరు చెప్పారు?"

నేను నవ్వాను. "కాదమ్మా. ఇది మా అత్తగారి వంట. ఇక్కడే, చాట్రాయి వంట."

ఆమె ఒప్పుకోలేదు. వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. ఉల్లిపాయ వేయించిన నూనె పారబోయకూడదు, అదే రుచి. శనగపిండి నూనె లేకుండా వేయించాలి. వేరుశనగలు మరీ మెత్తగా దంచకూడదు. చివరికి అంది, "ఎండు రొయ్యలు పొడి కొట్టి చల్లాలి అక్కా. అది లేకపోతే తోక్ కాదు."

రొయ్యల సంగతి కార్డు మీద లేదు. ఉన్నా ఆమెకు తెలుగు చదవడం రాదు. నా చేతిలో ఉన్న కార్డుల కట్ట అలాగే ఉండిపోయింది. ఎక్కడి నూజివీడు, ఎక్కడి బర్మా అనుకుంటున్నాను.

తల తిప్పేసరికి షట్టరు కింద నుంచి వంగి మా అత్తగారు లోపలికి వస్తున్నారు. పనిమనిషి రాలేదని ఆవిడే ఆటోలో క్యారేజీ తెచ్చారు. ఎప్పటి నుంచి అక్కడున్నారో, ఎంత విన్నారో తెలియదు. క్యారేజీ బల్ల మీద పెట్టారు. ఆ అమ్మాయి వైపు నేరుగా చూశారు. చూసి, నేను ఎప్పుడూ వినని గొంతుతో, చిన్నపిల్ల గొంతులాంటి గొంతుతో అన్నారు.

"సా పీ బీ లా?"

ఆ అమ్మాయి చేతిలో కార్డు జారిపోయింది. గబగబా ఏదో జవాబు చెప్పింది, ఇంకా ఏదో అడిగింది. మా అత్తగారు తల అడ్డంగా ఊపి తెలుగులో అన్నారు, "అంతకంటే రాదమ్మా. మర్చిపోయాను."

ఆ అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. మా అత్తగారు ఏడవలేదు. కాసేపు చెయ్యి అలాగే ఉంచి, మెల్లగా తీసుకుని, "అన్నం చల్లారిపోద్ది, తినండి" అని చెప్పి ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

"ఏమన్నారు ఆవిడ?" అని అడిగాను.

"అన్నం తిన్నావా అన్నారు" అంది.

నేను ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఇంటికి వెళ్ళి అడుగుదామంటే ఆవిడ గది తలుపు వేసుకుని ఉన్నారు. మరునాడు ఆ అమ్మాయి బస్సెక్కే ముందు వెళ్ళి కాళ్ళకు దండం పెడితే, తలమీద చెయ్యి వేశారు. నాతో మాత్రం మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందో అని నాకు లోపల భయం పట్టుకుంది.

ఆమె వెళ్ళిన మర్నాడు పొద్దున ఆవకాయకు కాయలు తుడుస్తున్నాం, పెరటి వసారాలో. మావారు తోటకు వెళ్ళారు. ఆవిడే మొదలుపెట్టారు, కాయ మీద నుంచి చూపు ఎత్తకుండా.

"నేను రంగూన్లో పుట్టాను."

నేను గుడ్డ పక్కన పెట్టాను.

"మా నాన్న రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. మేముండే వీధి నిండా తెలుగువాళ్ళే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మీ దేశం మీరు పొండి అన్నారు. ఓడ ఎక్కేచోట మా అమ్మ చెవులవి తీయించుకున్నారు. వైజాగులో దిగాం. రేకుల షెడ్లలో పెట్టారు మమ్మల్ని. మా తమ్ముడు అక్కడే విరేచనాలు పట్టుకుని పోయాడు. ఎవరో మేస్త్రీ పనుందని చెప్పి చాట్రాయి తోటలోకి తెచ్చాడు. మొక్కలకి గుంతలు తవ్వే పని."

"మరి తాతయ్యగారూ అమ్మమ్మగారూ?" అన్నాను. చాట్రాయి తోట ఆవిడ పుట్టింటి తోట. ఆవిడ అమ్మానాన్నలని నేను అనుకుంటున్నవాళ్ళ ఫోటోకు పాతికేళ్ళుగా దండ వేస్తున్నాను.

"వాళ్ళు ఆ తోట కొని దివిసీమ నుంచి అప్పుడే వచ్చారు. పిల్లల్లేరు. అక్కడ వాళ్ళనెవరూ ఎరగరు. నేను వాళ్ళ వంటింట్లో అన్నం తింటుండేదాన్ని. ఒకరోజు తిని అక్కడే నిద్రపోయాను. తెల్లారి మా అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి రాలేదు. ఎదురుచూశాను. ఆ మర్నాడు కూడా రాలేదు. వాళ్ళు అడిగారు, ఆమె ఇచ్చేసింది. చచ్చిపోయిన చెల్లెలి కూతురని ఊళ్ళో చెప్పారు. తోకు అనే మాట ఒక్కటే వాళ్ళు మాన్పించలేకపోయారు."

"ఆ తర్వాత వాళ్ళు ఎక్కడికి వెళ్ళారండీ? మీ అమ్మగారూ, నాన్నగారూ?"

"ఎక్కడికెళ్తారు? నాన్న ఏడాదికే పోయాడు. అమ్మ తోటలోనే ఉంది." అప్పుడు తలెత్తి నన్ను చూశారు. "నీకు తెలుసు మా అమ్మ. నువ్వు టీ కూడా పోశావు."

ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ప్రతి ఏడూ కోతలప్పుడు చాట్రాయి తోట కాయల ట్రాక్టరు మీద కూలీలతో పాటు ఒక ముసలామె వచ్చేది. నల్లగా, గట్టిగా, పొట్టిగా ఉండేది. పెరట్లో కూర్చుని ఆవకాయ కాయలు కొట్టిపెట్టేది. కూలీలకు మా ఇంట్లో గాజు గ్లాసులు వేరుగా ఉండేవి, పశువుల పాక గోడ మీద. వాళ్ళే కడుక్కుని పట్టుకుంటే మేం పైనుంచి పోసేవాళ్ళం, గిన్నె గ్లాసుకు తగలకుండా. నేను ఆమెకు అలాగే పోశాను. ఒక ఏడు కాదు, ఎనిమిది తొమ్మిదేళ్ళు పోశాను. ఒకసారి నా పోత తప్పి ఆమె వేళ్ళ మీద పడింది. "సరిగ్గా పట్టుకోవే" అన్నది నేనే. మా ఇంట్లో ఆమెను 'అది' అనేవాళ్ళం. అది వచ్చిందా, అది తిన్నదా. ఆవిడ అని ఇప్పుడు రాయబోతుంటే చెయ్యి ఆగిపోతోంది. ఇంతకాలం తర్వాత ఆ గౌరవం ఎవరికి ముడుతుంది?

ఒక్క సంగతి మాత్రం నాకు అప్పట్లోనే వింతగా ఉండేది. కూలీల టీ గిన్నె వేరు, పాలు పలచన. కానీ ఆ ముసలామెకు పోసే ముందు మా అత్తగారు వచ్చి గిన్నెలో ఒక గరిటె మీగడ వేసి వెళ్ళేవారు. గ్లాసు వేరే, మీగడ మాత్రం ఇంట్లోది. పాత పనిమనిషి కదా అని జాలి అనుకున్నాను.

"ఆమె నన్ను అమ్మాయిగారూ అనేది," అన్నారు మా అత్తగారు. "ఎవరూ లేనప్పుడు కూడా అలాగే అనేది. ఒకసారి, మీ ఆయన పుట్టినప్పుడు, అమ్మా అని పిలవబోయాను. చేత్తో నా నోరు మూసేసింది. ఇచ్చినప్పుడు మాట ఇచ్చాను అంది."

"పోయినప్పుడు మీరు వెళ్ళారా?"

"ఎలా వెళ్తాను? ఏమవుతానని వెళ్తాను?"

నాకు గుర్తొచ్చింది. తోట నుంచి ముసలామె పోయిందని కబురొస్తే మామయ్యగారు బస్తా బియ్యం, గుడ్డలు పంపించారు. ఆ రోజు మంగళవారం. పదకొండింటికి మా అత్తగారు తలస్నానం చేసి తడి జుట్టుతో పెరట్లో నిలబడి ఉన్నారు. "మంగళవారం తలంటేంటి అత్తయ్యా?" అని నేను నవ్వుతూ అడిగాను. తలనొప్పిగా ఉందని ఆవిడ అన్నారు.

"మామయ్యగారికి తెలుసా?"

"ఆయన అడగలేదు. నేను చెప్పలేదు." కాయ తీసుకుని మళ్ళీ తుడవసాగారు. "వాళ్ళని తేవొద్దని నీతో అన్నాను చూడు. వాళ్ళంటే నాకు కోపం కాదు. నా నోటెంట ఏం వచ్చుద్దో అని భయం."

నేను లేచి వెళ్ళి బీరువాలో ఆ శాలువా కోసం వెతికాను. ఎందుకు వెతికానో తెలియదు. దొరికాక ఏం చెయ్యాలో తోచక మళ్ళీ అక్కడే పెట్టేశాను. మా వ్యాపారంలో ఇప్పుడు అందరికీ పేపరు కప్పులే, కూలీకీ కలెక్టరుకీ. గాజు గ్లాసులు ఎప్పుడు పోయాయో, ఎవరు తీసేశారో నాకు గుర్తులేదు. మేం మారామనుకున్నాను. నిజానికి మారింది కప్పులే. నేను హైదరాబాదు దాకా వెళ్ళి వెతికి తెచ్చుకున్న కాందిశీకులు, నా పెరట్లోనే కూర్చుని కాయలు కొడుతుంటే నేను చూడలేదు.

మావారికి ఆవిడ చెప్పమంటేనే చెప్పాను. ఆయన విని, "చిన్నప్పుడు తోటకి వెళితే నన్ను చంక దించేది కాదు. ముక్కు కారుతుంటే కొంగుతో తుడిచేది. అమ్మ చూసి కూడా ఏమీ అనేది కాదు" అన్నారు. ఆ రాత్రి ఆయన భోజనానికి లేవలేదు.

మా ఆడపడుచు మాత్రం ఫోన్లో మండిపడింది. "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం వదినా. ఇప్పుడా ఇదంతా? అమ్మకి మతి చలించిందా, నీకు చలించిందా? ఏ కులమో కూడా తెలియదు, ఎవరితోనైనా అన్నావంటే మా గుమ్మం తొక్కకు." ఆమె భయం అబద్ధం కాదు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి అయ్యేదాకా మేం నోరు మెదపలేదు. ఇప్పటికీ పేర్లు రాయకపోవడానికి కారణం అదే. ఆ ముసలావిడ పేరు మా అత్తగారు నాకు చెప్పారు. తోటలో అందరూ 'ఓడామె' అని పిలవడమే గానీ ఆ పేరు ఎవరికీ తెలియదు. ఈ చుట్టుపక్కల ఇప్పుడు అది తెలిసిన వాళ్ళం ముగ్గురమే.

కార్డు మీద ఈ కథ వేద్దామా అని ఒకసారి అడిగాను. వ్యాపార బుద్ధి అనుకోవద్దు, నిజంగానే అడిగాను. "నా ఏడుపు టీ పొట్లంలో పెట్టి అమ్మకు" అన్నారు. వంట పేరు ఒక్కటి దిద్దించారు. రెండో అచ్చులో 'మామిడి తోకు' అని పడింది. అచ్చుతప్పు అని ముగ్గురు నలుగురు ఫోన్ చేశారు.

హైదరాబాదు అమ్మాయి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఒక్కో మాట నేర్పుతుంది. మా అత్తగారికి కొన్ని గుర్తొస్తాయి, చాలావరకు రావు. గుర్తురాని రోజు ఆవిడ విసుక్కుని ఫోన్ నాకిచ్చేస్తారు.

కిందటి కోతల తర్వాత ఆవిడ తోట చూడాలన్నారు. ఆ తోట మేం అమ్మేసి చాలా ఏళ్ళయింది. మావారు కారు తీశారు. చాట్రాయి దాటాక మట్టి రోడ్డు. కొత్త యజమాని ముసలి చెట్లన్నీ సగానికి నరికించి, చుట్టూ కంచె వేయించాడు. కాపలా మనిషి గేటు తీశాడు. ఓడామె అని ఒకావిడ ఉండేది, ఎక్కడ పూడ్చారో తెలుసా అని మావారు అడిగారు. అతను వచ్చి మూడేళ్ళేనట, తెలియదన్నాడు. వెనక దిక్కున వాగు గట్టు మీద ఉండొచ్చని, అక్కడ ఇప్పుడు పైపులైను వేశారని చెప్పాడు.

మా అత్తగారు కారు దిగలేదు. అద్దం దించి ఆ వైపు చూశారు. నేను దిగమని చెయ్యి పట్టుకుంటే, "ఎందుకులే, చూశాను" అన్నారు. ఆవిడ కళ్ళలో ఏముందో చదవడానికి ప్రయత్నించాను, నాకు చేతకాలేదు. మావారు తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు గానీ కారు వెంటనే తీయలేకపోయారు.

విస్సన్నపేట సెంటర్లో హోటలు కనబడగానే ఆవిడ కారు ఆపమన్నారు. ఆకలేస్తోందన్నారు. ఒకదాని తర్వాత ఒకటి రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక పెసరట్టు తిన్నారు. మేమిద్దరం ప్లేట్లు ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాం. ఆవిడ అంత తినగా నేను ఎప్పుడూ చూడలేదు.